గరిటె ఆగిన చోటు

మా చిన్నమ్మ జీడిపప్పును ముందు చెవితో చూస్తుంది. బద్ద ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ళతో విరుస్తుంది. టిక్కుమని విరిగిందా, పొయ్యి వెలుగుతుంది. వంగి, సాగి, ఆలస్యంగా తెగిందా, ఆ పూటకి మిఠాయి లేదు. పప్పంతా చాప మీదకి, ఎండలోకి పోతుంది. ఉద్దానం గాలికి డబ్బాలో ఉప్పే నీరుగారిపోతుంది, పప్పు ఒక లెక్కా? "సెమ్మ తగిలిన పప్పు పిండవదురా, ముద్దవుతాది" అంటుంది. అలా ఎండకు పోయిన పప్పు కోసం నేను ఒకసారి మూడు రోజులు ఎదురుచూశాను. సెలవు అయిపోయింది గానీ మిఠాయి కాలేదు.

వాళ్ళ ఊరు వజ్రపుకొత్తూరు మండలంలో ఉంది. పలాసలో రైలు దిగి తూర్పుకు తిరిగితే కాసేపటికే నేల ఇసుకబారి, దారికి రెండు పక్కలా కొబ్బరి, పనస, జీడి మొదలవుతాయి. ఉద్యానవనమే ఉద్దానమైందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ చెట్ల నీడలో నడిచిన వాళ్ళెవరూ ఆ మాటను కాదనరు. ఆ ఇంట్లో జీడిపప్పుతో రెండే మిఠాయిలు చేస్తారు. ఒకటి పంచదారతో చేసే బిళ్ళలు. పట్నం కొట్లలో కాజూ కత్లీ అనేది ఇదే. రెండోది బెల్లంతో చేసే జీడిపప్పు పాకం. రెంటికీ కావలసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా పది ఇళ్ళలో చేస్తే పది రకాలుగా వస్తాయి. ఏళ్ళ తరబడి ఆ వంటింటి గడప మీద కూర్చుని చూశాక నాకు అర్థమైంది ఒక్కటే. ఇందులో ఏం వెయ్యాలో అందరికీ తెలుసు, ఎక్కడ ఆపాలో కొందరికే తెలుసు.

ఆ ఆపడం చిన్నమ్మకు వంటింట్లో రాలేదు. పెళ్ళయిన కొత్తలో కొన్నేళ్ళు ఆవిడ పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీకి పనికి వెళ్ళింది. పలాస–కాశీబుగ్గ జంట ఊళ్ళలో ఇలాంటివి చిన్నా పెద్దా కలిపి వందల్లో ఉంటాయి. వాటిని నడిపించేవి ఎక్కువగా ఆడవాళ్ళ చేతులే. పిక్కను వేయించో, ఆవిరి పట్టించో, పైపెంకు కోసి, లోపలి పప్పును వేడి పట్టించాక దాని మీద ఎర్రటి పల్చటి పొర ఒకటి మిగులుతుంది. దాన్ని చిన్న కత్తి మొనతో, గోటితో ఒలవాలి. కత్తి పొర దగ్గర ఆగాలి. వెంట్రుకవాసి లోపలికి దిగితే పప్పు మీద గాటు పడుతుంది. ఇంకాస్త నొక్కితే గుండు కాస్తా రెండు బద్దలవుతుంది. గుండు ధర వేరు, బద్ద ధర వేరు, ముక్క ధర వేరు, నూక ధర వేరు. ఎగుమతి లెక్కలో డబ్ల్యూ 180, 240, 320 అని రాసే అంకెలన్నీ పౌనుకు, అంటే దాదాపు 454 గ్రాములకు, ఎన్ని గుండ్లు తూగుతాయన్న లెక్క. అంకె చిన్నదైతే గుండు పెద్దదన్నమాట. ఆ అంకెల వెనక ఒలిచే వేలికి, ఆగే కత్తికి ఉన్న లెక్క ఏ డబ్బా మీదా రాయరు. చిన్నమ్మ వంటింట్లోకి తెచ్చుకున్నది ఆ వేలినే.

మిఠాయికి ఆవిడ గుండు కొనదు. చుట్టాలెవరైనా తెచ్చిస్తే అటక మీద దాచి పులిహోరకి, పాయసానికి వాడుతుంది. బిళ్ళలకు నూకా ముక్కా, పాకానికి బద్ద. ఇది పొదుపనుకున్నాను చాలాకాలం. పొదుపే, కానీ అంతే కాదు. ఎలాగూ పొడి చేసేదానికి గుండెందుకు? పాకంలో గుండు వేస్తే దాని బోడితనం మీద బెల్లం నిలవదు, జారుతుంది. బద్దకు ఒక పక్క చదునుగా ఉంటుంది కనుక ఒకదాన్నొకటి అతుక్కుని పట్టు దొరుకుతుంది. పట్నంలో మనం గుండు కొని, ఇంటికొచ్చి రోట్లో పగలగొట్టుకుంటాం.

ఇక్కడ పేరు గురించి ఒక మాట చెప్పాలి. ఈ చెట్టు మనది కాదు. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో పడమటి తీరానికి తెచ్చారు. హిందీవాళ్ళు పోర్చుగీసు 'కజు' అన్న మాటనే తీసుకుని కాజూ అన్నారు. మనవాళ్ళు మాట అరువు తెచ్చుకోలేదు. అప్పటికే మనకు నల్లజీడి ఉంది. చాకళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టే, ఒంటికి తగిలితే పొక్కే ఆ నల్లటి గింజ. కొత్తగా వచ్చిన చెట్టు పిక్కలోనూ అదే తీరు సొన, అదే పొక్కు. పైన పండేమో మామిడిలా పచ్చగా, ఎర్రగా ఉంటుంది. జీడినీ మామిడినీ కలిపి జీడిమామిడి అనేశారు. పండు ముంతలా ఉంటుందని కొందరు ముంతమామిడి అన్నారు. తర్వాతెప్పుడో వృక్షశాస్త్రం చదువుకున్నవాళ్ళు నల్లజీడీ, మామిడీ, ఈ కొత్త చెట్టూ మూడూ ఒకే కుటుంబమని తేల్చారు. పేరు పెట్టిన పల్లెటూరివాళ్ళకు ఆ సంగతి ఆకు చూసి, సొన చూసి ముందే తెలిసిపోయింది.

ఆ సొనే ఈ పని మొత్తానికి మొదటి హెచ్చరిక. వేసవిలో పిల్లలు తోటలో రాలిన పిక్కలు ఏరి ఎండుటాకుల మంటలో వేసి కాలుస్తారు. సొన చిటపటమని మండుతుంది, పొగ కళ్ళల్లో పడుతుంది. నల్లగా మాడిన పిక్కను రాతి మీద పెట్టి ఇంకో రాయితో కొడతారు. గట్టిగా కొడితే పప్పు నుగ్గు, మెల్లగా కొడితే పెంకు చెక్కుచెదరదు. ఆ మంటలో కాలిన పప్పుకు పొగవాసన కలిసిన ఒక రుచి ఉంటుంది. ఇప్పుడు ఆవిరి పట్టి తీస్తున్న పప్పు తెల్లగా, అందంగా ఉంటుంది గానీ ఆ రుచి రాదు. పూర్వం డ్రమ్ముల్లో వేయించిన పలాస పప్పు తిన్నవాళ్ళు కొత్త పప్పును కాస్త చిన్నచూపు చూడ్డం విన్నాను. నేనూ ఆ జట్టే. బిళ్ళలకు మాత్రం ఆవిరిపప్పే మేలని ఒప్పుకోక తప్పదు. అక్కడ కావలసింది తెలుపు, మౌనం.

బిళ్ళల సంగతి చూద్దాం. చిన్నమ్మ అత్తగారి కాలంలో పప్పు నానబెట్టి రుబ్బురోట్లో మెత్తగా రుబ్బి, ఆ ముద్దను పంచదారతో దగ్గరకు ఉడికించేవారట. గంటల పని. ఇప్పుడు మిక్సీ. మిక్సీ వచ్చాక పని తగ్గింది గానీ ప్రమాదం పెరిగింది. జీడిపప్పు బరువులో నూటికి 44 పాళ్ళు కొవ్వే. జార్ వేడెక్కితే ఆ నూనె బయటికొస్తుంది, పొడి కావలసింది వెన్న అవుతుంది. అందుకే చిన్నమ్మ మీట నొక్కి, మనసులో మూడంకెలు లెక్కపెట్టి ఆపేస్తుంది. మూత తీసి గరిటె కాడతో కుదిపి, మళ్ళీ మూడంకెలు. నాలుగైదు సార్లు అలా. తర్వాత జల్లెడ పడుతుంది. పైన మిగిలిన రవ్వను మళ్ళీ జార్‌లో వేసేటప్పుడు రెండంకెలే. రవ్వ అప్పటికే సగం నలిగి, నూనె విడవడానికి సిద్ధంగా ఉంటుంది కనుక. "జీడిపప్పు సిగ్గరిరా. ఎక్కువ ఇసిగిస్తే నూని కక్కీస్తాది."

పొడి అయ్యాక పాకం. అరకిలో పొడికి పావుకిలో దాటీ దాటనంత పంచదార. అది మునిగీ మునగనట్టు నీళ్ళు. పంచదార కరిగేదాకా గరిటె తిప్పుతుంది. కరిగి పొంగు మొదలయ్యాక గరిటె ముట్టదు. నేను ఒకసారి మర్యాదకి తిప్పబోతే చెయ్యి మీద కొట్టింది. మరిగే పాకాన్ని కెలికితే అంచున ఆరిన పలుకు ఒకటి లోపల పడుతుంది. దాన్ని చూసి మిగతా పంచదారంతా మళ్ళీ పలుకు కడుతుంది. పూర్తయిన బిళ్ళలో ఇసుక నమిలినట్టుంటే ఆ తప్పు ఇక్కడ జరిగిందన్నమాట. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క తీగ, అదీ సాగుతూనే తెగిపోయే లేతతీగ వచ్చాక మంట తగ్గించి పొడి పోస్తుంది. థర్మామీటరు పెట్టి చూస్తే అది 105 డిగ్రీలకు కాస్త అటూఇటూగా ఉంటుంది. పెట్టింది నేనే. ఆవిడ దానివైపు చూడనైనా లేదు.

పొడి పడ్డాక జరిగేది చూడ్డం నాకు ఎప్పటికీ విసుగు పుట్టదు. మొదట పల్చగా, దోసెపిండిలా ఉంటుంది. దీనితో బిళ్ళలేం తెగుతాయిలే అనిపిస్తుంది. రెండు మూడు నిమిషాల్లో ఎవరో లోపల నుంచి పట్టి లాగినట్టు దగ్గరపడుతుంది. మైదా లేదు, కోవా లేదు, మరి ఎలా? దీనికి జవాబు పప్పులోనే ఉంది. జీడిపప్పులో నూటికి దాదాపు 23 పాళ్ళు పిండిపదార్థం. బాదంలో అది ఒక్క పాలైనా ఉండదు. వేడి పాకంలోని నీటిని ఆ పిండి పీల్చుకుని, ఉబ్బి, గంజిలా పట్టేస్తుంది. బాదంతో ఇదే పని చేసినవాళ్ళకు తేడా చేతికే తెలుస్తుంది. మిఠాయికి కావలసిన పట్టూ, మెరుపూ, నునుపూ మూడూ ఒక్క గింజే తెచ్చుకుంది. నెయ్యి ఒక్క చెంచా, అదీ గిన్నె అంచుల కోసం. యాలకులు వెయ్యదు. పన్నీరు వాసన వేసిన జీడిబిళ్ళ తిన్నప్పుడల్లా నాకు ఎవరో మాట్లాడుతుంటే మధ్యలో రేడియో పెట్టినట్టుంటుంది.

ముద్ద గిన్నె అంచులు వదలగానే మనం దించుతాం. చిన్నమ్మ అంతకంటే ముందే దించుతుంది. అంచు ఇంకా కాస్త పట్టుకునే ఉంటుంది. "సాల్రా, దించీ. మిగిలింది దానంతటదే ఉడుకుతాది." ఇత్తడి గిన్నె వేడి ఇంకో రెండు నిమిషాలు పనిచేస్తుందని ఆవిడ లెక్క. అంచులు పూర్తిగా వదిలేదాకా ఆగినవాళ్ళ బిళ్ళలు మర్నాటికి బిస్కెట్లవుతాయి. చిటికెడు తీసి, ఊది, వేళ్ళ మధ్య ఉండ చేస్తుంది. అంటకుండా ఉండ కట్టిందా, అంతే.

టెక్కలి చుట్టుపక్కల గనుల్లో నీలిరంగు రాయి దొరుకుతుంది. పెద్ద పెద్ద దిమ్మెలుగా కోసి లారీల మీద రేవుకు, అక్కణ్ణుంచి పరాయి దేశాలకు పోతుంది. ఆ రాతి తునక ఒకటి, అంచు విరిగిందని ఎవరో వదిలేసింది, చిన్నమ్మ వంటింటి గట్టయింది. దాని మీద నెయ్యి రాసి ముద్దను వేస్తుంది. చెయ్యి కాలేంత వేడి మీదే మొదలుపెట్టి అరచేతి మడమతో నొక్కుతుంది. పది పన్నెండు నొక్కులు. మొదట్లో ముద్ద మీద సన్నటి పగుళ్ళుంటాయి, తర్వాత అవి మూసుకుంటాయి, ఆ తర్వాత నునుపు తేలి వెలుతురు పడుతుంది. వెలుతురు పడ్డ చోట ఆగాలి. ఇంకో నాలుగు నొక్కులు నొక్కితే మెరుపు పెరుగుతుంది. కానీ ఆ పెరిగింది మెరుపు కాదు, నూనె. నా చేతిలో ముద్ద ఎప్పుడూ ఆ నాలుగు నొక్కుల అవతలికి వెళ్ళిపోతుంది. అప్పుడావిడ ఏమీ అనకుండా పాలు ఒక్క చెంచా చల్లి, మళ్ళీ గిన్నెలో వేసి, పొయ్యి మీద రెండు తిప్పులు తిప్పి నా ముందు పెడుతుంది. ఆ ఏమీ అనకపోవడమే భరించలేం.

రాతి చల్లదనం అడుగు నుంచి ముద్దను ఆర్పుతూ ఉంటుంది. పైన అప్పడాల కర్ర. మూడు రూపాయి బిళ్ళలు దొంతర పెట్టినంత మందం. ఆరాక ఏటవాలు గీతలు కోస్తుంది. కొలబద్ద పెట్టదు. నిజం చెప్పాలంటే ఆవిడ బిళ్ళలు ఏ రెండూ ఒక్క తీరుగా ఉండవు, కొట్టువాడు చూస్తే నవ్వుతాడు. అంచుల్లో మిగిలే మూడుమూలల ముక్కలు పిల్లలవి. వెండిరేకు అంటించదు. నోట్లో పెట్టుకుంటే పంటికి పని చెప్పకుండా, నాలుక మీద పిండి కాకుండా, మెల్లగా తనంతట తను విడిపోతుంది. నలుగురూ బాగుందంటారు. నేనూ అంటాను. కానీ ఎవరైనా నన్ను ఒక్కటే కోరుకోమంటే బెల్లంపాకమే కోరుకుంటాను.

ఎందుకంటే బిళ్ళలో తప్పు దిద్దుకోవచ్చు. పాకంలో దిద్దుబాటు లేదు. కిలో బద్దకు ముప్పావు కిలో బెల్లం. బెల్లం అనకాపల్లిది, ఆ ఏటిది. పాతబెల్లం అయితే చెమ్మ పీల్చి, తొందరగా మెత్తబడి సాగుతుంది. బద్దను ముందు సన్నసెగ మీద పొడిగా వేయిస్తుంది. రంగు మారకముందే, వాసన మారినప్పుడే దించేస్తుంది. ఇక్కడా అదే తంతు, మూకుడు వేడికి తర్వాత అదే ఎర్రబడుతుంది. బెల్లం కాసిని నీళ్ళలో కరిగించి, ఇసుకా పిప్పీ పోయేలా వడగట్టి, మళ్ళీ పొయ్యెక్కిస్తుంది. పక్కన పళ్ళెంలో చన్నీళ్ళు.

ఇక పాకం తన అవతారాలన్నీ చూపిస్తుంది. నీళ్ళలో వేస్తే మొదట కరిగిపోతుంది. తర్వాత అడుగున జారి కూర్చుంటుంది. తర్వాత మెత్తటి ఉండ అవుతుంది. అరిసెల వాళ్ళు ఇక్కడ దిగిపోతారు. ఆ మీదట ఉండ గట్టిపడుతుంది, లాగితే సాగుతుంది. జీళ్ళ వాళ్ళు ఇక్కడ దిగుతారు. మాటను జీళ్ళపాకంలా సాగదీశాడంటామే, ఆ సాగుడు ఇదే. జీడిపప్పు పాకానికి ఇంకా ముందుకు పోవాలి. తీసిన చుక్క నీళ్ళలో గాజుపూసలా బిగిసి, పళ్ళేనికేసి కొడితే ఠంగుమనాలి. 140 డిగ్రీలు దాటిన చోటు అది. ఇంకాస్త అవతలే మాడువాసన, చేదు. ఠంగుకూ చేదుకూ మధ్య ఉన్నది అరనిమిషం కూడా కాదు. ఆ అరనిమిషంలో చిటికెడు శొంఠి పొడి, చెంచా నెయ్యి, వేయించిన బద్ద పడి, నాలుగంటే నాలుగు తిప్పులు తిరిగి, నెయ్యి రాసిన పళ్ళెంలోకి వచ్చేయాలి. చిన్నమ్మ ఆ నాలుగు తిప్పులూ తిప్పేటప్పుడు మాట్లాడదు, ఎవరినీ మాట్లాడనివ్వదు. గిన్నెడుగున పాకం కొంచెం మిగిలిపోయినా గీకదు. గీకే లోపు పళ్ళెంలోది బిగుసుకుపోతుంది. అలా మిగిలిన దాంట్లో తర్వాత వేడినీళ్ళు పోసి, ఆ తియ్యటి శొంఠినీళ్ళు మాకు తలా గుక్కెడు ఇచ్చేది.

పాకం ఎంత ఉండాలన్నదానికి ఆవిడ దగ్గర ఒకటే కొలత. "పప్పు కనపడాల, బెల్లం ఇనపడాల." పప్పు బెల్లంలో మునిగిపోకూడదు. కొరికితే మాత్రం టప్పుమనాలి.

వానాకాలంలో ఈ పాకం చెయ్యదు. ఎంత గట్టి పాకమైనా సముద్రపు గాలికి సాయంత్రానికి చెమర్చి, పళ్ళకు అంటుకుంటుంది. సంక్రాంతికి చేస్తుంది, గాలి పొడిగా ఉంటుంది కనుక. పెద్దకూతురు తొలి పండగకి వచ్చి వెళ్ళేటప్పుడు సారెలోకి చేసిన పాకం నాకు బాగా గుర్తు. రేకుడబ్బా అడుగున అరటాకు వేడిమీద వాడ్చి పరిచి, వరసకు వరసకు మధ్య మళ్ళీ ఆకు. సారె ఊరంతా పంచుతారు, అత్తారి ఊళ్ళో ఇంటింటి పళ్ళూ పరీక్షకు కూర్చుంటాయి. కొట్టులో కొని పంపొచ్చు కదా అన్నాను. ఏటన్నావు అన్నట్టు చూసింది.

ఆ మధ్య కొన్నేళ్ళు సొంత తోట పప్పు లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ళ తోటలో నిలబడ్డ జీడిచెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. కొబ్బరిచెట్లు సగానికి విరిగాయి. అంటు మొక్క పెట్టినా కాపు మొదలవడానికి మూడేళ్ళు, నిండుగా కాయడానికి ఇంకా చాలా ఏళ్ళు. కాపొచ్చాక ధర గొడవ. ఆఫ్రికా నుంచి ఓడల్లో దిగే పిక్కల ముందు ఉద్దానం పిక్కకు బేరం తగ్గింది. 80 కిలోల బస్తాకు 16 వేలు ఇవ్వాలని 2023లో రైతులు రోడ్డెక్కారు. ఒక బస్తా పిక్కల్లోంచి దిగే పప్పు ఇరవై, మహా అయితే ఇరవైనాలుగు కిలోలు. ఈ లెక్క చిన్నమ్మకు నోటికి వచ్చు. చేతిలో నుంచి ఒక్క ముక్క జారి కింద పడినా వంగి తీసి, ఊది, డబ్బాలో వేస్తుంది.

పోయిన సంక్రాంతికి విశాఖలో మా ఇంట్లో నేనే పాకం పెట్టాను. చన్నీళ్ళ పళ్ళెం, వేయించిన బద్ద, అన్నీ అమర్చుకున్నాను. ధైర్యం చాలక చిన్నమ్మకు ఫోన్ చేశాను. తీగ వచ్చిందా, రంగెలా ఉంది అని అడుగుతుందనుకున్నాను. అవేవీ అడగలేదు.

"పోను పళ్ళెం కాడ పెట్టి, సుక్క తీసి కొట్టు" అంది.

కొట్టాను.

"కాదు. ఇంకొక్క పొంగు."

నేను పొంగు లెక్కపెట్టుకుంటూ, పళ్ళెంలో ఇంకో చుక్క వేసి, తీసి, అంచుకు కొట్టాను. నాకు రెండు చప్పుళ్ళకీ తేడా తెలియలేదు. అవతల నుంచి మాత్రం, నేను చెయ్యి వెనక్కి తీసుకునే లోపే, "దించీ, దించీ!" అని కేక వినపడింది. దించి, పప్పు పోసి, నాలుగు తిప్పులు తిప్పి పళ్ళెంలోకి ఒంపేసరికి ఆవిడ అప్పుడే పిల్లల పరీక్షల గురించి అడగడం మొదలుపెట్టింది.